పట్టుదారం తెగినప్పుడు

ఈ రోజు ఆరో తరగతిలో విద్యుత్ వాహకాలు, అవాహకాలు, అంటే కరెంటుని పోనిచ్చేవి, పోనివ్వనివి చెప్పాను. రాగి, ఇనుము ఒక వైపు. రబ్బరు, చెక్క, ప్లాస్టిక్ ఇంకో వైపు. పిల్లలు పట్టిక దించుకున్నారు, గంట మోగింది. అందరూ వెళ్ళిపోతుంటే ఒక అమ్మాయి ఆగి, "సార్, ఇవి వేరు వేరు అని ముందు ఎవరికి తెలిసింది?" అని అడిగింది. పాఠంలో లేని ప్రశ్న. నాకు ఎంత సంతోషమేసిందో! మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వరండాలో కూర్చోబెట్టి ఆ తేడా కనిపెట్టిన స్టీఫెన్ గ్రే గురించి చెప్పాను. చెబుతుంటే ఇంకొందరు చేరారు.

గ్రే 1666లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో పుట్టాడు. బట్టలకు రంగులద్దే కుటుంబం, అతనిదీ అదే పని. మా నాన్న కూడా పట్టు నూలుకు రంగులు వేసేవాడు. మరుగుతున్న రంగునీళ్ళలో చిలపలు ముంచి తీసి, సాయంత్రానికి భుజాలు పట్టేసి, తిండి కూడా సరిగ్గా తినలేకపోయేవాడు. అలాంటి పని చేసి వచ్చి, రాత్రిళ్ళు తనే అరగదీసుకున్న కటకాలతో ఆకాశం చూసేవాడు గ్రే. సూర్యుడి మీద మచ్చలు లెక్కపెట్టేవాడు. గ్రీనిచ్‌లో రాజఖగోళవేత్తగా ఉన్న ఫ్లామ్‌స్టీడ్‌కి తన పరిశీలనలు రాసి పంపేవాడు. కొన్నాళ్ళు కేంబ్రిడ్జిలో కొత్తగా కడుతున్న వేధశాలలో పనిచేసి, అక్కడ ఇమడలేక తిరిగి రంగుల పనికే వెళ్ళిపోయాడు. చివరికి 1719లో లండన్‌లోని చార్టర్‌హౌస్ అనే ధర్మసత్రంలో చోటు దొరికింది. తిండి, ఒక గది. అతను చేసిన గొప్ప పని అంతా ఆ తరవాతే, అరవై దాటాక.

1729లో సంగతి ఇది. రుద్దితే ఈకల్ని లాగే గాజుగొట్టం ఒకటి అతని దగ్గర ఉండేది. దుమ్ము పడకుండా రెండు చివరలా బెండు బిరడాలు పెట్టాడు. గొట్టాన్ని రుద్దితే ఈక గాజు దగ్గరికే కాదు, బిరడా దగ్గరికీ వెళ్ళింది. బిరడాని ఎవరూ రుద్దలేదు కదా! అంటే గాజులో పుట్టిన విద్యుత్తు బిరడాలోకి పాకింది. అయితే ఎంత దూరం పాకుతుంది? బిరడాకు పుల్ల గుచ్చి దాని చివర దంతపు బంతి పెట్టాడు, తరవాత తీగ, తరవాత జనపతాడు. మేడ మీంచి కిందికి తాడు వేలాడదీసినా చివరి బంతి ఇత్తడి రేకు ముక్కల్ని లాగింది. అడ్డంగా చాపి, దూలానికి తాళ్ళతో వేలాడదీస్తే మాత్రం పనిచేయలేదు. ఆ శక్తి తాళ్ళ గుండా దూలంలోకి పోతోందని గ్రే సరిగ్గానే పట్టుకున్నాడు.

కెంట్‌లో మిత్రుడు వీలర్ ఇంట్లో మళ్ళీ ప్రయత్నించారు. తాడుని పట్టుదారాల మీద వేద్దామన్నాడు వీలర్. సన్నగా ఉంటుంది కాబట్టి తక్కువ కారుతుందని గ్రే ఊహ. పనిచేసింది. పొడవు పెంచుతూ పోతే ఒకరోజు బరువుకి పట్టుదారం తెగింది. దాని బదులు సన్నని ఇత్తడి తీగ కట్టారు. గొట్టాన్ని ఎంత రుద్దినా బంతి ఉలకలేదు, పలకలేదు. తీగ కూడా సన్నదే! అప్పుడు అర్థమైంది: సన్నమా లావా అన్నది కాదు, అది పట్టు కావడమే అసలు సంగతి. మళ్ళీ పట్టు కట్టి, బయట పొలంలో 700 అడుగులు దాటించారు. ఇదంతా, ముందు తను ఏమనుకున్నాడో దానితో సహా, గ్రే దాచకుండా రాసిపెట్టాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది అక్కడే. మా పాఠ్యపుస్తకంలోని రెండు వరుసల పట్టిక వెనక ఒక తెగిన దారం ఉందని పిల్లలకు తెలియకపోవడం నాకు నచ్చదు.

మరుసటి ఏడు 47 పౌన్ల బరువున్న పిల్లవాణ్ణి వెంట్రుకల తాళ్ళ మీద పడుకోబెట్టి వేలాడదీసి, పాదాల దగ్గర గొట్టం పెడితే, మొహం దగ్గరికి రేకు ముక్కలు ఎగిరి వచ్చాయి. ఇది చెప్పగానే వరండాలో ఒకటే గోల. "సార్, నన్ను వేలాడదీయండి" అని ముగ్గురు లేచారు.

ఇంగ్లండు శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఇచ్చే కోప్లీ పతకం మొదట అందుకున్నది గ్రేయే, 1731లో. మరుసటి ఏడాది మళ్ళీ ఇచ్చారు. అప్పటికి, ఆ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్న న్యూటన్ పోయి నాలుగేళ్ళు. న్యూటన్‌కీ ఫ్లామ్‌స్టీడ్‌కీ పడేది కాదు, ఆ గొడవల వల్లే గ్రేకి గుర్తింపు ఆలస్యమైందని అంటారు.

టైం చాలక అతని చివరి రోజుల సంగతి చెప్పలేదు. గుగ్గిలం బిళ్ళ మీద చిన్న ఇనపగోళం పెట్టి, పైన దారానికి తేలికైన వస్తువు కట్టి చేత్తో పట్టుకుంటే, అది గ్రహాల్లాగే పడమర నుంచి తూర్పుకు తిరుగుతోందనుకున్నాడు. 1736 ఫిబ్రవరిలో, మంచంలో ఉండి, సొసైటీ కార్యదర్శి మోర్టిమర్‌కి ఆ ప్రయోగాలు చెప్పి రాయించాడు. తరవాత వీలరే పరీక్షించి, పట్టుకున్నవాడి కోరికే తెలియకుండా చేతిని కదిలిస్తోందని తేల్చాడు. ఆకాశాన్ని అంతకాలం చూసిన మనిషి దారం చివర కూడా గ్రహాల్ని చూడాలనుకున్నాడు. ఇది కూడా పిల్లలకు చెప్పాలి, వీలర్ పరీక్షతో సహా.

ఈ ముసురులో ప్రయోగం కుదరదు, తేమకి విద్యుదావేశం నిలవదు. చలికాలంలో వరండా పొడవునా జనపతాడు కట్టి, ఒకసారి పట్టుదారం మీద, ఒకసారి తీగ మీద వేసి చూపిస్తాను. పట్టు మా ఇంట్లోనే ఉంది. గాజుగొట్టం ఒకటి వెతకాలి.