48 వేల పొట్టేలు

2022 బక్రీద్ దాటిన మర్నాడు బెంగళూరు చామరాజపేట ఈద్గా దగ్గర ఒక పొట్టేలు అమ్ముడుపోకుండా మిగిలింది. పండగ ముందు 70 వేలు చెప్పిన మనిషి, దాన్ని మళ్లీ ఊరికి తోలుకుపోయే బండి బాడుగ తలుచుకుని 48 వేలకు దిగాడు. మెలి తిరిగిన కొమ్ములు, మెడలో గంట, 78 కిలోల ఒళ్లు. ఏ జాతంటే చెప్పలేం, నాలుగు రకాలు కలిసినట్టుంది. మా ఆయన వద్దని నా కొంగు లాగుతూనే ఉన్నాడు. నేను డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను.

మాది మడకశిర వైపు. పదకొండేళ్లుగా యలహంకలో మెస్ నడుపుతున్నాం. సంకటి, మటన్ పులుసు తినడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. మటన్ ఒకరోజు వెన్నలా ఉడికేది, ఇంకోరోజు మూడు విజిళ్లు అదనంగా పెట్టినా నమలలేక జనం ప్లేటు పక్కన పెట్టేసేవాళ్లు. బయట కొనేది ఏ వయసుదో, ఏం తిని పెరిగిందో మన చేతిలో లేదు. అందుకే రాజానుకుంటె అవతల ఎకరంన్నర లీజుకు తీసుకుని షెడ్డు వేసి, 42 ఆడగొర్రెలు తెచ్చుకున్నాం. 30 నెల్లూరు జోడిపి, 12 బన్నూరు. మందను చూసుకోవడానికి ఊరి నుంచి చిన్నాయన వచ్చాడు.

జోడిపి అంటే తెల్లటి ఒళ్లు, మూతి చుట్టూ, కళ్ల చుట్టూ, కింది దవడ మీద నల్ల మచ్చలు. ఎత్తులో నెల్లూరు గొర్రెను మించింది మన దేశంలో లేదంటారు. బన్నూరు మండ్య జిల్లాది, పొట్టిది. వెనక నుంచి చూస్తే తిరగేసిన యూ అక్షరంలా గుండ్రంగా, బిగువుగా ఉంటుంది. బెంగళూరులో బన్నూరు మటన్ అంటే ఇంకో రెండు వందలు ఎక్కువిచ్చేవాళ్లున్నారు.

ఒక గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లలనిస్తుంది. పొట్టేలు మాత్రం పాతిక, ముప్పై గొర్రెలకు సరిపోతుంది. పుట్టే ప్రతి పిల్లలోనూ సగం దానిదే. కాబట్టి విత్తనపు పొట్టేలు దగ్గర పిసినారితనం చేయకూడదన్నది నా లెక్క. లెక్క సరైనదే. విత్తనపు పొట్టేలు ఎలా ఉండాలో తెలియకపోవడమే తప్పు.

ఏ గొర్రెను ఎప్పుడు దాటిందో, అంటే జతకట్టిందో తెలియడానికి పొట్టేలు రొమ్ముకు రంగు పూయాలని చదివాను. చెనిక్కాయ నూనెలో పసుపు కలిపి పూశాం. దాటిన గొర్రె నడుం మీద పసుపు అంటుకుంటుంది. గొర్రెకు ఎద 17 రోజులకోసారి వస్తుంది కాబట్టి, 17 రోజులయ్యాక రంగు మార్చాలి. రెండోసారి జాజు, అంటే ఎర్రమట్టి. పసుపు మీద ఎరుపు పడితే మొదటిసారి చూడి నిలవలేదని అర్థం. మొదటి 17 రోజుల్లో మా మందలో పసుపు పడ్డవి నాలుగే. తర్వాత జాజు పడ్డవీ ఆ నాలుగే! మిగతావి తోకలాడిస్తూ పొట్టేలు చుట్టూ తిరుగుతుంటే అది నీడన పడుకుని ఎగశ్వాస తీస్తోంది.

చిన్నాయన మాత్రం, "ఎండలు పాపా, నిమ్మళిస్తే లేస్తాది" అన్నాడు.

హెబ్బాళ పశువైద్య కళాశాలలో చదువుకున్న డాక్టరు గారు ఒకరు వచ్చి చూశారు. ఆయన నా చెయ్యి తీసుకుని పొట్టేలు నడుం మీద పెట్టించారు. చివరి పక్కటెముక వెనక, వెన్నుపూస మీద. నొక్కితే దిండు నొక్కినట్టుంది, ఎముకన్నది తగల్లేదు. "ఇక్కడ ఎముకలు చేతికి తెలియాలమ్మా, గుచ్చుకోకూడదు. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులేస్తాం. విత్తనానికి మూడు, మూడున్నర చాలు. ఇది అయిదు" అన్నారు. తర్వాత వృషణాల సంచి పైభాగం పట్టి చూపించారు. అక్కడా కొవ్వే. వృషణాలు ఒంటి కంటే చల్లగా ఉండాలట. పైన కొవ్వు పేరుకుంటే రగ్గు కప్పినట్టు వేడెక్కి వీర్యం పాడవుతుంది. వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది కాబట్టి, ఈరోజు నుంచి పథ్యం పెట్టినా ఫలితం రెండు నెలల తర్వాతే. వెళ్తూ వెళ్తూ, "ఇది కత్తికి మేపిన జీవం, విత్తనానికి కాదు" అన్నారు. ఆ మాట చాలా రోజులు నా చెవిలో తిరిగింది.

నవంబరులో ఇంకో దెబ్బ. ఒక పొద్దున పొట్టేలు నడుం వంచి నిలబడి ముక్కుతోంది, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతోంది. విరేచనం కాక ముక్కుతోందనుకున్నాం. డాక్టరు గారు ఫోన్‌లో వీడియో చూసి వెంటనే బయల్దేరారు. పొట్టేలుకు మూత్రనాళం కొసన దారంలాంటి చిన్న తోక ఉంటుంది. అక్కడ ఇసుక రవ్వంత రాయి ఇరుక్కుంది. ఆ కొస కత్తిరించగానే ధార కట్టింది. చిన్నాయన కొడుకు షర్టంతా తడిసింది గానీ వాడు కూడా నవ్వాడు. కారణం అడిగితే దాణా అన్నారు. అమ్మకానికి మేపినప్పుడు గింజలు, తవుడు దట్టంగా పెడతారు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. దానికి తోడు నీళ్లు సరిగా తాగకపోతే రాళ్లు కడతాయి. అప్పటికి మేమూ అదే దాణా పెడుతున్నాం. ఆ రోజే బస్తాలు తగ్గించి చెనిక్కాయ కట్టె, హెడ్జ్ లూసర్న్ అనే పచ్చిమేత పెంచాం. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది: ఆవులకు కలిపే ఖనిజ మిశ్రమం గొర్రెలకు వేయకూడదు. అందులోని రాగి గొర్రెల కాలేయంలో పేరుకుని ఒక్కసారిగా చంపుతుంది. మా షెడ్డులో అప్పటికే సగం డబ్బా అయిపోయింది. దేవుడి దయ.

ఇంత జరిగినా దాన్ని వదిలించుకోలేదు. 48 వేలు మరి.

ఈలోగా అక్టోబరులోనే మడకశిర దగ్గర ఒక కాపరి మంద నుంచి జోడిపి పొట్టేలు ఒకటి 17 వేలకు తెచ్చాం. రెండు పళ్లది, అంటే ఏడాది దాటిన వయసుది, 39 కిలోలు. దాన్ని ఎందుకు కొన్నామంటే కాపరికి దాని తల్లి చరిత్ర నోటికొచ్చు: నాలుగు ఈతల్లో మూడుసార్లు కవలలు, ఏ ఈతలోనూ పాలు తక్కువ కాలేదు. డాక్టరు గారు సంచి చుట్టుకొలత టేపుతో కొలిచారు, రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా ఉన్నాయో లేదో పిసికి చూశారు, రక్తం బ్రూసెల్లా (చూడి పోగొట్టే అంటురోగం) పరీక్షకు పంపారు. అన్నీ సరిపోయాయి. చిన్నాయన ఒక్కడికే నచ్చలేదు. "ఆ పెద్దదాని పక్కన ఇది కోడిపిల్ల మాదిరుంది పాపా."

ఆ ఏడాది ఈతలు ఆలస్యంగానైనా జోడిపి పుణ్యమా అని గట్టెక్కాయి. 2023 వానాకాలానికి పెద్ద పొట్టేలు 66 కిలోలకు తగ్గి, హుషారు తెచ్చుకుంది. అప్పుడు అనిపించింది, రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూద్దామని. 40 గొర్రెలను రెండు దొడ్లుగా విడగొట్టాం. బన్నూరువన్నీ ఒకవైపే పడకుండా ఆరేసి పంచాం. దాటించడానికి రెండు వారాల ముందు నుంచి రోజుకు పావు కిలో దాణా అందరికీ ఒకటే. పిల్లలు పుట్టగానే చెవికి ట్యాగు, వేలాడే కాటా మీద తూకం, నోటుపుస్తకంలో తల్లి నంబరు, తండ్రి, ఒంటరా కవలా అన్నది రాసుకోవడం. రాత్రి రెండింటికి ఈనినా ఇది తప్పకూడదని షరతు పెట్టాను. నాకే విసుగొచ్చిన రాత్రులున్నాయి.

జనవరిలో ఒక బన్నూరు గొర్రె ఈనలేక రెండు గంటలు కష్టపడింది. తల్లి 24 కిలోలు, లోపలి పిల్ల 4.3 కిలోలు. తల్లి బతికింది, పిల్ల దక్కలేదు. పెద్ద తండ్రి, చిన్న తల్లి అయితే ఏమవుతుందో ముందే ఎవరైనా చెప్పగలరు. నేనడగలేదు.

పెద్దదాని వైపు 17 గొర్రెలు ఈని 17 పిల్లలు మిగిలాయి. జోడిపి వైపు 19 ఈని 24 పిల్లలు. నేను పొంగిపోయి డాక్టరు గారికి ఫోన్ చేసి "మన పొట్టేలు కవలలిస్తోంది" అన్నాను. ఆయన నవ్వి, కవలలు తల్లి గుణమన్నారు. ఎన్ని అండాలు విడుదలైతే అన్ని పిల్లలు, దాటిన పొట్టేలుకు సంబంధం లేదు. పొట్టేలులో ఆ గుణముంటే రేపు దాని కూతుళ్ల ఈతల్లో కనబడుతుంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థవాళ్లు బెంగాల్ గరోల్ గొర్రెలోని కవలల జన్యువును దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారీ సువర్ణ తయారుచేసిన సంగతి కూడా అప్పుడే చెప్పారు.

అసలు గమ్మత్తు 90 రోజుల తూకం దగ్గర. అన్నీ ఒకేరోజు పుట్టవు కదా, అందుకని పెరిగిన బరువును రోజులతో భాగించి 90తో గుణించి, పుట్టిన బరువు కలపాలి. ఉదాహరణకు 27వ నంబరు పిల్ల పుట్టినప్పుడు 2.6 కిలోలు, 97వ రోజున 14.9. లెక్క కడితే 90 రోజులకు 14 కిలోలు. అలా అన్నిటికీ వేశాక సగటు చూస్తే పెద్దదాని పిల్లలు 13.6, జోడిపి పిల్లలు 13.3. చిన్నాయన ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకుని నా వైపు ఒక చూపు చూశాడంతే.

రాత్రి మెస్ కట్టేశాక మళ్లీ పుస్తకం తెరిచాను. కవల పిల్ల తల్లి పాలు పంచుకుంటుంది, ఒంటరి పిల్లతో దాన్ని కలిపి సగటు తీస్తే ఎలా? విడదీసి వేశాను. ఒంటరి పిల్లలు జోడిపివి 14.3, పెద్దదానివి 13.9. కవలలు జోడిపివి 11.8, పెద్దదానివి 11.5. రెండు చోట్లా జోడిపిదే పైచేయి. జోడిపి వైపు కవలలు ఎక్కువుండడం వల్ల మొత్తం సగటు దిగిపోయింది. అయినా తేడా అర కిలో లోపే, దానికి పండగ చేసుకోలేం. కానీ అంత తేడా కూడా లేని ఒళ్లుకు నేను 31 వేలు ఎక్కువ పెట్టాను.

మాంసం సంగతి మెస్‌లోనే తేలింది. ఎనిమిది నెలలకు రెండు వైపుల నుంచి రెండేసి పోతు పిల్లలను ఒకేరోజు కోయించాం. పెద్దదాని పిల్ల ఒకటి 28.5 కిలోలు తూగితే మాంసం 12.8 వచ్చింది. జోడిపి పిల్ల 27 కిలోలకు 13 వచ్చింది. మొదటిదాని కడుపులో తెల్లగా కొవ్వు పొరలు, కాలి ఎముకలు లావు. నాలుగు పిల్లలతో జాతకం చెప్పలేమని నాకూ తెలుసు. వంటమనిషికి చెప్పకుండా రెండూ విడివిడిగా వండించాను. ఉడకడంలో తేడా లేదు, రెండూ లేతవే కదా. జోడిపిలో కొవ్వు కండ మధ్యన సన్నగా ఉండి పులుసు తేటగా వచ్చింది. అవతలిదాంట్లో పైకి నూనె తేలింది. కొందరికి అదే ఇష్టం, వాళ్లతో నాకు పేచీ లేదు.

బంధువులు మాత్రం డార్పర్ తెచ్చుకోమని ఇప్పటికీ వీడియోలు పంపుతుంటారు. 1930లలో దక్షిణాఫ్రికాలో డార్సెట్ హార్న్, నల్లతల పర్షియన్ గొర్రెలను కలిపి తయారుచేసిన మాంసం జాతి అది. పిల్లలు వేగంగా పెరుగుతాయి, నిజమే. అడిగిన ధర వింటే మెస్ అడ్వాన్సు గుర్తొచ్చింది. ఒకసారి ఒళ్లు చూసి కొన్నది చాలు.

2024 బక్రీద్‌కు పెద్ద పొట్టేలును రాళ్ల సంగతి, కొస కత్తిరించిన సంగతి అన్నీ చెప్పి 52 వేలకు అమ్మాను. అది దేనికి పుట్టిందో ఆ పనికి వెళ్లింది.

ఆ 27వ నంబరు, కవలగా పుట్టి 14 కిలోలు తూగినది, ఇప్పుడు రెండు పళ్లు వేసింది. మా మందలో సగం దాని చెల్లెళ్లు, అక్కలు. ఇక్కడ విత్తనానికి వాడితే రక్తం కలుస్తుంది. మొన్న ఆదివారం దాన్ని మడకశిర కాపరికిచ్చి, అతని మందలో వేరే తండ్రికి పుట్టిన పొట్టేలును తెచ్చుకున్నాం. మూడు వారాలు విడిగా కట్టేయాలని షెడ్డు చివర గుంజ పాతించాను. ఆటో దిగుతుండగానే చిన్నాయన దాని పళ్లు చూశాడు, నడుం మీద చెయ్యేసి నొక్కాడు, తర్వాత కాపరికి ఫోన్ చేసి, "దీని తల్లి ఎన్ని ఈతలీనిందప్పా?" అని అడిగి, నన్ను పుస్తకం తెమ్మన్నాడు.