అమ్మమ్మ పప్పుగుత్తికి మైనం పూత

అమ్మమ్మ వాడిన పప్పుగుత్తి, మజ్జిగ కవ్వం రెండూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. పోయిన వేసవిలో ఓ రోజు పప్పు మెదుపుతుంటే గుత్తి అరచేతికి గరుగ్గా తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే కర్రంతా తెల్లగా పాలిపోయి ఉంది, పళ్ల చివర్లలో వెంట్రుకంత సన్నటి చీలికలు. ప్రాణం ఉసూరుమంది.

రాత్రి గిన్నెలతో పాటు గుత్తిని కూడా సింకులో పడేస్తున్నాం. తెల్లారేదాకా నీళ్లలో నానుతుంది. పొద్దున లిక్విడ్ సోపుతో తోమి, తొందరగా ఆరుతుందని స్టవ్ పక్కన పెడతాం. రోజూ ఉబ్బడం, రోజూ ఎండి బిగుసుకోవడం. చెట్టులో నీళ్లు పైకెక్కిన సన్నటి గొట్టాలన్నీ అడ్డంగా కోసిన చోట నోళ్లు తెరుచుకుని ఉంటాయి. చెక్క నీళ్లు తాగేదీ, ఎండిపోయేదీ ఎక్కువగా అక్కడి నుంచే. పగులు మొదలయ్యేదీ అక్కడే.

అమ్మమ్మ వీటికి ప్రత్యేకంగా ఏమీ రాసేది కాదు. కవ్వానికి మాత్రం రోజూ వెన్న పట్టేది. చిలకడం అయ్యాక వేడినీళ్లతో కడిగి, గాలి తగిలేలా వేలాడదీసేది. అందుకే అది అంత నున్నగా ఉండేదని నా నమ్మకం. ఇక్కడ వైజాగ్‌లో ప్యాకెట్ పెరుగు కొనుక్కునే ఇంట్లో కవ్వానికి వెన్న ఎక్కడి నుంచి వస్తుంది?

మొదట చేతికందిన వేరుశనగ నూనె రాశాను. వారం తిరిగేసరికి జిడ్డు, ఆ తర్వాత పాడైన నూనె వాసన. చెక్క లోపలికి దిగిన నూనె గాలికి చెడిపోతే ఎంత కడిగినా పోదు. ఉప్పు కాగితంతో పైపొర రుద్ది తీయాల్సి వచ్చింది. పెయింట్ షాపులో అమ్మే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ జోలికైతే వెళ్లనే వద్దు. త్వరగా ఆరడానికి అందులో మందులు కలుపుతారు, తిండి తగిలే వస్తువుకి అది పనికిరాదు.

ఇప్పుడు నేను వాడేది మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్. మలబద్ధకానికి ఇస్తారు చూడండి, అదే. వాసన ఉండదు, చెడిపోదు. దానికి తోడు తేనెమైనం. మా చెల్లెలు పాడేరు వైపు స్కూల్లో టీచర్. అక్కడ తేనె తీసేవాళ్ల దగ్గర మైనం ముద్ద కొని పంపింది. నల్లగా, తేనెటీగల రెక్కలతో సహా వచ్చింది. నీళ్లలో వేసి కరిగించి, పాత పంచె గుడ్డలో వడకట్టి వదిలేశాను. చల్లారాక నీళ్ల మీద పసుపుపచ్చ బిళ్ల తేలింది. అడుగున అంటుకున్న మడ్డి చాకుతో గీకేశాను. ఆ పూట వంటిల్లంతా తేనె వాసనే.

కొలత చాలా సులువు. 200 మిల్లీలీటర్ల పారాఫిన్‌కి 50 గ్రాముల మైనం. గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. మైనం 62, 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, దాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకునే ప్రమాదం ఉంది. కరిగాక పాకం చూసినట్టే చూడాలి. చల్లటి స్టీలు పళ్లెంలో ఒక్క చుక్క వేసి, గడ్డకట్టాక వేలితో నొక్కాలి. వెన్నలా జారితే సరిపోయినట్టు. పెళుసుగా విరిగితే ఇంకాస్త నూనె, మరీ పలచగా ఉంటే చిటికెడు మైనం. వేడిగా ఉండగానే గాజు సీసాలోకి పోసేయాలి.

రాసే ముందు చెక్క పూర్తిగా ఆరి ఉండాలి. లోపల తడి ఉండగా రాస్తే వానాకాలంలో బూజు పడుతుంది. కడిగాక ఒక రోజంతా నీడలో, గోడకి నిలబెట్టి ఆరబెడతాను. చపాతీ పీటని గట్టు మీద బోర్లా పడేస్తే అడుగు వైపు తడి ఆరక వంగిపోతుంది. తర్వాత మెత్తటి నూలు గుడ్డతో చెక్క నార వెంబడి రుద్ది, పళ్ల చివర్లకి రెండుసార్లు పట్టించి, రాత్రంతా వదిలేసి పొద్దున తుడిచేస్తాను. మొదటి వారం మూడుసార్లు రాశాను, ఇప్పుడు నెలకోసారి చాలు. ఏటికొప్పాక లక్క డబ్బాలకి మాత్రం ఇది రాయను. లక్క పూత ఉన్న చోట నూనె లోపలికి దిగదు.

లోతుగా పగిలిన పీటని ఈ పూత బాగు చేయదు. సందుల్లో పిండి ఇరుక్కుంటుంది. అలాంటి పీట ఒకటి మా ఇంట్లో ఇప్పుడు పూలకుండీ కింద ఉంది.

నిన్న గుత్తి కాడ మీద ఒక నీటిచుక్క వేసి చూశాను. తామరాకు మీద చుక్కలా గుండ్రంగా నిలబడింది, కాసేపటికి జారిపోయింది. కర్ర మళ్లీ చింతపండు రంగుకొచ్చింది. మిగిలిన సగం సీసా చెల్లెలికి పంపిస్తున్నాను, మైనం తనదే కదా.