ఆరు తీగలకే ఆయాసం

గిటార్ మొదటి తీగ తెగితే నిన్న సాయంత్రం నెల్లూరులో రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. బల్ల మీద వీణలాంటిదే ఒకటి ఉంది. గోటువాద్యమట, 21 తీగలు. "ఏంది తాతా, మెట్లు ఊడిపోయాయా?" అని అడిగి పరువు పోగొట్టుకున్నాను. తీగల కింద అడ్డంగా ఉండే ఆ మెట్లు దానికి అసలే ఉండవు!

ఆయన నవ్వి, నున్నటి నల్ల కర్రముక్క చేతికిచ్చి "మీటుతూ దీన్ని తీగ మీద జరుపు" అన్నాడు. జరిపా. పిల్లి ఏడ్చినట్టు వచ్చింది. కానీ ఆపేశాక కూడా ఏదో సన్నగా మోగుతూనే ఉంది. కింద ఉన్న తీగలు! వాటిని ఎవరూ ముట్టుకోలేదు. పైన పలికిన స్వరంతో శ్రుతి కలిస్తే చాలు, వాటంతటవే కదులుతాయట. ఒకదాని మీద వేలు ఆనించి చూశా, వణుకు తెలిసింది.

రాత్రంతా ఫోన్‌లో ఇదే పని. విశ్వమోహన్ భట్ వాయించే మోహనవీణ చూడ్డానికి గిటారే, తీగలు మాత్రం 20. అమెరికా గిటారిస్టు పాట్ మెథీనీ 1984లో అడిగితే కెనడాలో లిండా మాంజర్ చేసిన పికాసో గిటార్‌కైతే నాలుగు మెడలు, 42 తీగలు. శ్రుతి చేసేసరికి కచేరీ టైమ్ అయిపోదూ? నాకు ఆరింటికే పావుగంట, అదీ యాప్ చూసుకుంటూ.

ఇంతకీ నా గిటార్ అక్కడే మర్చిపోయి వచ్చా.