డెల్ఫీలో స్ఫింక్స్ ఎదుట పెన్సిల్ పట్టుకుని

ఏథెన్స్‌లో పొద్దున్నే బస్సెక్కితే డెల్ఫీ మూడు గంటల దారి. మధ్యలో థీబ్స్ మైదానం తగులుతుంది. దారినపోయేవాళ్ళను పొడుపుకథ అడిగి, విప్పలేనివాళ్ళను చంపిన స్ఫింక్స్ ఆ ఊరి దగ్గరి కొండ మీదే ఉండేదని గ్రీకుల కథ. లివాదియా, అరాహోవా దాటి పర్నాసస్ కొండ వాలున దిగి నేరుగా మ్యూజియానికి నడిచాను.

గీయాల్సింది నాక్సోస్ స్ఫింక్స్‌ని. క్రీ.పూ. 560 ప్రాంతంలో నాక్సోస్ దీవివాళ్ళు గ్రీకు దేవుడు అపోలోకు సమర్పించిన పాలరాతి విగ్రహం, ఎత్తు 2.22 మీటర్లు. ఆడమనిషి ముఖం, సింహం ఒళ్ళు, పక్షి రెక్కలు. స్ఫింక్స్ అనగానే ఈజిప్టుది మనసులో మెదిలి పడుకున్నట్టు గీసేస్తారు, రెక్కలు మరిచిపోతారు. ఇది వెనక కాళ్ళ మీద కూర్చుని, ముందు కాళ్ళు నిటారుగా నిలిపి ఉంటుంది. జూలు లేదు.

ఏ3 కాగితం, గట్టి అట్ట, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళు, పిసికితే మెత్తబడే రబ్బరు, అంతే. ఇంకూ రంగులూ బయటే వదిలేశాను. విగ్రహం ఎత్తుకు రెండింతల దూరం, అంటే సుమారు నాలుగున్నర మీటర్లు, వెనక్కి జరిగి పక్కవాటుగా నిలబడ్డాను. దగ్గరైతే తల చిన్నదై, పాదాలు ఉబ్బిపోతాయి.

మొదట ముఖం జోలికి పోకూడదు. అందమైన చోటే మొదలుపెడితే తల పెద్దదై, రెక్క కొస కాగితం దాటిపోతుంది. చెయ్యి చాచి, పెన్సిల్ మీద బొటనవేలితో తల ఎత్తును కొలిచి, మొత్తం ఎత్తూ వెడల్పూ ఆ తల లెక్కనే తీసుకున్నాను. ఆ కొలతకు నిలువు పెట్టె గీసి, అందులో మూడే గీతలు: ముందు కాళ్ళ నిలువు గీత, భుజం నుంచి తుంటికి దిగే ఏటవాలు గీత, కొడవలిలా వంగి పైకి లేచే రెక్క గీత. ఈ మూడూ కుదిరేదాకా ఇంకేమీ ముట్టుకోలేదు.

చేతులు తడబడేది రెక్క మొదట్లోనే. చాలామంది దాన్ని గాలిపటంలా వీపుకు అతికిస్తారు. అందుకే బరువు మొయ్యదనిపిస్తుంది. ఇక్కడ శిల్పి ఈకలను రొమ్ము మీదే మొదలుపెట్టి, భుజం చుట్టూ తిప్పి రెక్కలోకి తీసుకెళ్ళాడు. మనిషి మెడ సింహం ఒంటిలో కలిసే అతుకు ఆ ఈకల కిందే మాయమవుతుంది. ఎంత తెలివైన పనో గీస్తేనే అర్థమవుతుంది! ముందు రొమ్ము గుండ్రదనం తేల్చుకుని, తర్వాత చేప పొలుసుల్లాంటి చిన్న ఈకలు, చివర పొడవాటి ఈకలు. పొలుసులన్నీ ఒకే నలుపున దిద్దితే రొమ్ము చదునైపోతుంది. వెలుగు పడేచోట సగం వదిలేయాలి.

ముందు కాలికి మనిషి మోకాలు పెట్టడం ఇంకో తప్పు. సింహం మోచెయ్యి పొట్ట పక్కన, వెనక్కి ఉంటుంది. కింద ముందుకు కనిపించేది మణికట్టు. పంజా సందేహం తీరాలంటే అదే గదిలోని సిఫ్నోస్ ఖజానా (సిఫ్నోస్ దీవివాళ్ళు డెల్ఫీలో కానుకలు దాచడానికి కట్టిన చిన్న కట్టడం) శిల్పపట్టీ చూడాలి: రథానికి కట్టిన సింహం ఒక రాక్షసుణ్ణి పట్టి కొరుకుతుంటుంది. ఆ పంజాను కాగితం అంచున విడిగా గీసుకున్నాకే స్ఫింక్స్ పాదాల దగ్గరికి వచ్చాను.

నీడలు మాత్రం ఎడమ నుంచి కుడికి. కుడిచేతివాళ్ళు కుడి నుంచి ఎడమకు వస్తే మణికట్టు రాసుకుని అంతా మసకబారుతుంది.

సాయంత్రం శిథిలాల్లోకి వెళ్ళి, అపోలో గుడి అరుగు గోడ కింద, ఒకప్పుడు ఈ స్ఫింక్స్‌ను మోసిన స్తంభం నిలిచిన చోటు చూశాను. అప్పట్లో విగ్రహంతో కలిపి 12.5 మీటర్ల ఎత్తు. కింద నిలబడ్డవాడికి ఈకలు కనిపించవు, ఆకారపు అంచే కనిపిస్తుంది. బొమ్మను రాయికి ఆనించి పది అడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు చికిలించి చూశాను. రెక్క వంపు నిలిచింది. తుంటి దగ్గర గీత బరువెక్కువైంది; అక్కడికక్కడే రబ్బరుతో తేలిక చేశాను.