చెంబెడు నీళ్లు

ఇది రాయడానికి నాకు ఏడాది పట్టింది. భయం పూర్తిగా పోయిందని కాదు, వస్తే ఏం చేయాలో ఇప్పుడు తెలుసు.

నల్లగొండలో క్లాక్‌టవర్ దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. నాన్న పోయినంక నిద్ర చెడింది. రాత్రి రెండింటిదాకా ఫోన్, పొద్దున తొమ్మిదిన్నరకు లేవడం, తింటే తిన్నట్టు లేకుంటే లేదు. ఎవరన్నా అడిగితే "జర టెన్షన్" అనేవాణ్ని.

నిరుడు శ్రావణంలో ఒక రాత్రి ఒక్కసారిగా మెలకువొచ్చింది. గుండె దడదడ, వేళ్లు తిమ్మిర్లు, ఎంత పీల్చినా గాలి లోపలికి పోదు. అయిపోయింది అనుకున్నా. బీరువా తాళం ఎక్కడుందో, షాపు కిరాయి ఎంత బాకీ ఉందో, ఎల్‌ఐసీ కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో మా ఆవిడకు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె సగం విని, చెప్పులు కూడా లేకుండా ఉరికి, సందు చివర ఆటో ఆయన్ను లేపుకొచ్చింది. ఆయన ఆ రాత్రి పైసలు తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోడు. ఆసుపత్రిలో ఈసీజీ బాగుంది, తర్వాత చేసిన థైరాయిడ్, రక్తపరీక్షలు కూడా బాగున్నాయి. డ్యూటీ డాక్టర్ "ఏం లేదు, ఇంటికి పోండి" అన్నాడు. ఏం లేకపోతే నేను చచ్చిపోతున్నట్టు ఎందుకైంది? ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

ఆ నెలలో ఇంకో రెండుసార్లు వచ్చింది. అప్పుడే ఒక దావత్‌లో అందరి ముందు మా బావ, "ఏం బామ్మర్దీ, ఎర్రగడ్డకు తోల్కపోవాల్నా?" అన్నాడు. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో పిచ్చాసుపత్రి ఉన్న చోటు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వుకు భయపడే ఇంకో రెండు నెలలు సైకియాట్రిస్ట్ గడప తొక్కలేదు. మా బావ చెడ్డోడేం కాదు, నాన్న పోయినప్పుడు పదకొండు దినాలు మా ఇంట్లనే ఉన్నాడు. అయినా ఆ మాట నాకు ఇంకా అరగలేదు.

చివరికి వెళ్లాను. డాక్టరమ్మ తాపీగా చెప్పింది. దీన్ని పానిక్ అటాక్ అంటారట, లేని ప్రమాదానికి ఒళ్లు గంట కొట్టడం లాంటిదట, చాలాసార్లు పది నిమిషాల్లో పైకెక్కి దానంతటదే దిగుతుందట. మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో కడుపులో తిప్పినా సొంతంగా ఆపొద్దని, రోజూ ఒకే టైముకు లేవమని చెప్పింది.

నేనేమో ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో గీతలు కొట్టి పెద్ద టైంటేబుల్ రాశాను. ఐదింటికి లేవడం, ప్రాణాయామం, ఐదు కిలోమీటర్ల నడక, ధ్యానం. నాలుగో రోజుకే తప్పింది. టిక్కు లేని గడులు చూసుకుని, ఇది కూడా చేతగాదని మంచం దిగలేదు. మా ఆవిడ నోట్‌బుక్ తీసి అటక మీద పడేసి, "అవన్నీ వద్దు. పొద్దున లేచి కర్వేపాకు చెట్టుకు చెంబెడు నీళ్లు పొయ్యి, చాలు" అంది.

రెండు వారాలు అంతే చేశాను. ఆరున్నరకు లేచి నీళ్లు పోసి, అరుగు మీద ఎండలో కాసేపు కూర్చోవడం. తర్వాత నాలుగు దాటితే చాయ్ మానేశాను, ఎనిమిదింటికి జొన్నరొట్టె, తొమ్మిదిన్నరకు ఫోన్ వంటింట్లో. ఒకరోజు తప్పితే తప్పింది, లెక్క రాయను. రాత్రి నిద్ర పట్టకపోయినా లేచే టైము మాత్రం మార్చను, అదొక్కటే కొంచెం గట్టిగా పట్టుకున్నా. ఆదివారాలు పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద నడక, ఓపికుంటే ఛాయా సోమేశ్వరాలయం దాకా. లింగం వెనక గోడ మీద ఒక నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది, దాన్ని చూస్తూ ఊరికే కూర్చుంటా. అమ్మ లతీఫ్ సాబ్ గుట్ట నుంచి తెచ్చిన తాయెత్తు జబ్బకే ఉంది, గోలీ కూడా వేసుకుంటున్నా, రెండింటికీ తగాదా ఏం లేదు.

ఇలాంటిది మీకుంటే గుండె పరీక్ష ముందు చేయించుకోండి. అది బాగుంటే "ఏం లేదు" దగ్గర ఆగిపోకండి. అర్ధరాత్రి ఎవరూ దొరకకపోతే 14416 ఉంది, టెలీ మానస్ అని మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ నంబరు, పైసలేం కావు, తెలుగులో మాట్లాడతారు. బావలకు తర్వాత చెప్పుకోవచ్చు.

పోయిన నెల మళ్లీ ఒక రాత్రి దడ వచ్చింది. బీరువా తాళం గురించి ఎవరికీ చెప్పలేదు. అరుగు మీద కూర్చున్నా, దిగింది. పొద్దున చెంబు పట్టుకుని పోతే పక్కింటి పెద్దమ్మ ఆపింది, దినాం పోస్తే కర్వేపాకు వేరు మురుగుతది కొడుకా అని. అందుకని రోజు విడిచి రోజు మందార కుండీకి పోస్తున్నా.