మార్కులు వేయని సినిమా

25 డిసెంబర్ 2022, ఆదివారం. నాగర్‌కర్నూల్.

పొద్దున టీవీ పెట్టగానే చలపతిరావు గారు పోయారని వార్త. మొన్న శుక్రవారమే కైకాల సత్యనారాయణ గారు పోయారు. అమ్మ టీవీ ముందు పీట వేసుకుని అనపకాయలు ఒలుస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "సెప్టెంబర్‌ల కృష్ణంరాజు, మొన్న కృష్ణ, ఇగ వీళ్లు. మేము చూసినోళ్లు ఎవరూ మిగుల్తలేరు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను.

సెలవులకని నిన్న సాయంత్రం అక్క కొడుకు వచ్చాడు. తొమ్మిదో తరగతి. వాడి దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, ఏడాదిలో చూసిన ప్రతి సినిమా పేరూ, చూసిన తేదీ, ఎవరితో చూశాడు, పదికి ఎన్ని మార్కులు, అన్నీ అందులో రాసుకుంటాడు. వాడు దాన్ని అనపకాయల బుట్ట పక్కన పెట్టి స్నానానికి పోతే తీసి చూశాను. అడగకుండా చూడడం తప్పే. వాడు బయటికి వచ్చాక చెప్పాను. "చూడు మామా, ఏముంది అందులో" అన్నాడు.

జనవరిలో వాడు చూసిన సినిమాల్లేవు. కరోనా మళ్లీ వచ్చిందని సంక్రాంతికి రావలసిన పెద్దవి రెండూ వాయిదా పడ్డాయి. మార్చి 11న 'రాధేశ్యామ్'. పదికి నాలుగు. దాని కింద వాడి అక్షరాల్లోనే: "అమ్మమ్మ, నేను, మామ. అమ్మమ్మకు నిద్ర వచ్చింది."

నిద్ర రావడం నిజమే. అమ్మ ఆ సినిమాకు ప్రభాస్ కోసం రాలేదు, కృష్ణంరాజు గారి కోసం వచ్చింది. పరమహంసగా ఆయన కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూసింది. మిగతా సమయమంతా ఇటలీ. రైళ్లు, వంతెనలు, మంచు, ఎంత అందంగా తీశారో. చేతిలో ప్రేమరేఖ లేదని నమ్మే హస్తసాముద్రికుడు, రోగంతో ఉన్న డాక్టరమ్మ. వినడానికి మంచి కథే. కానీ వాళ్లిద్దరూ ఒకరినొకరు విడిచి ఎందుకు ఉండలేరో మాకు ఒక్కసారీ అనిపించలేదు. బయటికి వచ్చాక అమ్మ, "మనూళ్లె సోది చెప్పే ఎరుకలామె నయం గదరా, చెయ్యి పట్టుకుంటే మన బతుకంతా చెప్పేది" అంది. సెప్టెంబర్ 11న కృష్ణంరాజు గారు పోయినప్పుడు మళ్లీ ఆ సినిమానే తలుచుకుంది. ఆయనది అదే ఆఖరి సినిమా అయింది. ఆమెకు ఇష్టమైన మనిషిని పెద్ద తెర మీద చివరిసారి చూసిన రోజు అది. ఆ రోజు ఆమెకు ఇంకొంచెం మంచి సినిమా దొరికి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ బాధ.

దాని తర్వాత రెండు వారాలకే 'ఆర్ఆర్ఆర్'. పదికి పది, పక్కన మూడు గీతలు.

ఏప్రిల్ 29 'ఆచార్య'. పదికి మూడు. దీని గురించి నాకూ చాలా కోపం ఉంది, రాయాలి.

చిరంజీవి, రామ్‌చరణ్ ఒక సినిమాలో పూర్తిగా కలిసి ఉండడం. అంతకుముందు తీసిన నాలుగూ ఆడిన కొరటాల శివ దర్శకుడు. అడవి, గుడి ఊరు, నక్సలైట్లు. మా అమ్మమ్మ వాళ్లది అమ్రాబాద్ వైపు. చిన్నప్పుడు వేసవి సెలవులు అక్కడే. చీకటి పడితే బయట మంచం వేసుకునేవాళ్లు కాదు. రాత్రి తలుపు చప్పుడైతే వచ్చింది అన్నలా పోలీసులా అని ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఎవరికి అన్నం పెట్టినా తెల్లారి ఇంకొకరికి జవాబు చెప్పాలి. ఆ భయం ఏమిటో నల్లమల అంచున పుట్టిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే ఎంతో ఆశపెట్టుకుని పోయాను. పాదఘట్టం అని ఒక అడవి గూడెం చూపించారు. అందరి బట్టలూ శుభ్రంగా ఉన్నాయి, అందరూ హీరో వచ్చేదాకా ఎదురు చూస్తున్నారు. వాళ్లు ఏం పండించుకుంటారో, దేనికి భయపడతారో, రాత్రి ఏం మాట్లాడుకుంటారో ఒక్క సీనులోనూ లేదు. గుడి సెట్టు మాత్రం అద్భుతం. తండ్రీకొడుకులు కలిసి ఆడిన ఆ ఒక్క పాటకు థియేటర్ మొత్తం లేచింది, నేనూ లేచాను. ఆ పాట అయ్యాక కూర్చున్నవాళ్లం చివరిదాకా అట్లాగే కూర్చున్నాం. పారితోషికంలో చాలా భాగం తామిద్దరూ వెనక్కి ఇచ్చేశామని తర్వాత చిరంజీవి గారే చెప్పారు. అది పెద్ద మనసు. ఆయన మీద నా అభిమానం తగ్గలేదు, ఆ మాటతో ఇంకా పెరిగింది కూడా.

'రాధేశ్యామ్', 'ఆచార్య' రెండూ సరిగ్గా మూడు వారాలకు అమెజాన్‌లోకి వచ్చేశాయి. ఏప్రిల్ 1న అది, మే 20న ఇది. అక్క అప్పటి నుంచే "ఇరవై రోజులు ఆగితే ఇంట్లో చూడొచ్చు గదా" అనడం మొదలుపెట్టింది. ఆమె లెక్క తప్పని చెప్పలేను. పోయిన డిసెంబర్‌లో ప్రభుత్వం రేట్లు మార్చాక ఏసీ థియేటర్లో టికెట్ 150 దాకా, మల్టీప్లెక్సులో 250 దాకా ఉండొచ్చన్నారు, జీఎస్టీ మళ్లీ వేరే. పెద్ద సినిమా అయితే మొదటి వారం ఇంకొంత పెంచుకోనిచ్చారు. నలుగురు పోయి, ఇంటర్వెల్లో పిల్లలకు ఏదో ఒకటి కొనిస్తే నా జిరాక్స్ షాపులో ఒక రోజు గల్లా అక్కడే అయిపోతుంది. అంత పెట్టి పోయినప్పుడు మనిషి ఆశ కూడా అంతే పెద్దగా ఉంటుంది. చిన్న సినిమా బాగాలేకపోతే ఎవరూ నిరాశపడరు, మర్చిపోతారు. పెద్దది పోతే నెల రోజులు చెప్పుకుంటారు.

ఆగస్టు 1 నుంచి నిర్మాతలే కొన్నాళ్లు షూటింగులు ఆపి, ఖర్చుల గురించీ ఓటీటీల గురించీ మాట్లాడుకున్నారు. జనం థియేటర్లకు రావట్లేదని అందరూ అన్నది ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ వారంలోనే, ఆగస్టు 5న, 'సీతారామం', 'బింబిసార' ఒకే రోజు వచ్చాయి. 13న 'కార్తికేయ 2'. మూడింటికీ జనం వచ్చారు. వాడి నోటుబుక్కులో 'సీతారామం'కు తొమ్మిది. "అమ్మ ఏడ్చింది" అని రాశాడు.

ఆ కింద ఆగస్టు 25. 'లైగర్'. తేదీ ఉంది, "మామ, నేను" అని ఉంది. మార్కుల దగ్గర ఏమీ లేదు.

వాడికి నత్తి ఉంది. ఇంట్లో మాతో మాట్లాడేటప్పుడు పెద్దగా తెలియదు. బడిలో, కొత్తవాళ్ల దగ్గర, ఫోన్లో మాట ఆగిపోతుంది. హాజరు పిలిచేటప్పుడు వాడి పేరుకు ముందు పేరు వచ్చిందంటే చేతులు చెమట పడతాయని ఒకసారి నాకు చెప్పాడు. ట్రైలర్ వచ్చిన రోజు పరుగెత్తుకొచ్చినట్టు ఫోన్ చేశాడు. "మామా, హీరోకు నత్తేనంట" అన్నాడు. ఆ మాట ఎక్కడా ఆగకుండా వచ్చింది. విజయ్ దేవరకొండ వాళ్ల సొంతూరు అచ్చంపేట దగ్గర తుమ్మన్‌పేట. మా పాలమూరు పిల్లగాడు, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడే నత్తి ఉన్న కుర్రాడిగా, ఎదురుగా బాక్సర్ మైక్ టైసన్. వాడు బడిలో అందరికీ చెప్పుకున్నాడు. తను ఎవరికీ తనంతట తాను ఏమీ చెప్పుకోని పిల్లవాడు.

మొదటి రోజు మ్యాట్నీకి పోయాం. కరీంనగర్ నుంచి ముంబై పోయి టీ బండి పెట్టుకున్న తల్లీకొడుకుల కథ. మొదటి పావుగంట వాడు సీటు అంచు మీదే ఉన్నాడు. రమ్యకృష్ణ కొడుకు కోసం అరుస్తుంటే వాడి మొహం వెలిగిపోయింది. తర్వాత హీరో మాట తడబడడం మొదలైంది. మా ముందు వరుసలో నవ్వారు. ఇంకోసారి తడబడ్డాడు, ఇంకా గట్టిగా నవ్వారు. నవ్వే చోట్లుగానే వాటిని పెట్టినట్టు ఉంది. నత్తి సంగతి తెలిసి నాయిక వదిలి వెళ్లిపోయే సీను వచ్చినప్పుడు నేను వాడి వైపు చూడలేకపోయాను.

మాట రాని ఆ క్షణంలో లోపల ఏం జరుగుతుందో ఒక్క నిమిషం ఆగి చూపించి ఉంటే చాలు. గొంతు దాకా వచ్చిన పదం పెదవి దగ్గర ఎట్లా ఆగుతుందో, దాన్ని దాటడానికి వేరే పదం ఎట్లా వెతుక్కుంటారో. మా వాడు 'పాలు' అనలేక 'అవి ఇవ్వండి' అని చేయి చూపిస్తాడు. ఆ కథను ఆ సినిమా చేతిలో పట్టుకుని ఉంది. పట్టుకుని అక్కడే వదిలేసి, దెబ్బలాటలకూ పాటలకూ పోయింది. చివరికి తాను దేవుడిలా చూసుకున్న ఆ పెద్ద వీరుడితోనే హీరో కొట్లాడడం, దాన్ని నవ్వులాట చేయడం. టైసన్‌ను తెచ్చి ఏం చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విజయ్ ఆ సినిమా కోసం ఒంటిని ఎంత కష్టపెట్టాడో ప్రతి షాట్‌లో కనిపిస్తుంది. అంత కష్టానికి తగ్గ కథ ఉంటే అది మా వాడికి జీవితాంతం గుర్తుండే సినిమా అయ్యేది.

బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు కేసరి సముద్రం చెరువు కట్ట దగ్గర ఆగాం. మిర్చి తిందామా అంటే తల ఊపాడు. ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు బడికి పోనన్నాడు. అక్క జ్వరమని చెప్పి ఉంచేసింది.

ఈ సంవత్సరం అన్నిటికంటే ఎక్కువ నిరాశపరిచిన సినిమా ఏదని నన్నెవరైనా అడిగితే అదే చెబుతాను. ఇంతకంటే పాడు సినిమాలు వచ్చి ఉంటాయి. మా వాడు అన్నిటికంటే ఎక్కువ ఆశపడింది దీని మీదే.

మధ్యాహ్నం అమ్మ అనపగింజలు ఉప్పేసి ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుడాలు చేసింది. ముగ్గురం మిద్దె మీద ఎండలో కూర్చుని తిన్నాం. నోటుబుక్కు వాడి పక్కనే ఉంది. అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి అడిగాను.

"దానికి మార్కులు వెయ్యలేదేంరా?"

వాడు గింజ నోట్లో వేసుకుని కొంచెంసేపు నమిలాడు. "వేద్దామనే అనుకున్నా మామా. సున్నా వేస్తే వాళ్లు చేసిన కష్టానికి తప్పు అనిపించింది. ఇంకేదన్న వేస్తే నాకు తప్పు అనిపించింది."

అమ్మకు సగమే వినిపించింది. "ఎవరికిరా సున్నా?" అంది. "ఎవరికీ లేదు అమ్మమ్మా" అన్నాడు.

సాయంత్రం నీళ్లు పట్టేటప్పుడు వాడే మళ్లీ ఎత్తాడు. "సంక్రాంతికి ఏది పోదాం మామా? 12న బాలకృష్ణది, 13న చిరంజీవిది."

"చిరంజీవిది. కానీ మొదటిరోజు వద్దు. రెండో రోజు ఎట్లుందో కనుక్కొని పోదాం" అన్నాను.

"లేదు మామా, మొదటి రోజే పోదాం. మార్నింగ్ షో" అన్నాడు. బకెట్టు నిండేదాకా అదే మాట మీద ఉన్నాడు. సరే అన్నాను.