తిరుగు బండి సంగతి ఎవరు చూస్తారు?

నెల్లూరులో మా ఇంట్లో కూర్చునే నేను అమెరికాలో బళ్లు తిప్పుతాను. మధ్యాహ్నం అన్నం తిని హెడ్‌సెట్ పెట్టుకుంటే లేచేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఇవి అంబులెన్సులు కావు. డయాలసిస్‌కో, కీమోకో, కట్టు మార్పించుకోవడానికో వెళ్లే పేద రోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఆస్పత్రిలో దించి, మళ్లీ ఇల్లు చేర్చే కార్లు, వ్యాన్లు. బాడుగ మెడికెయిడ్ కడుతుంది. అక్కడి పేదలకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అది. ఏ రోగికి ఏ బండి, ఏ టైముకి అన్నది చూసుకునే డిస్పాచ్ పని నాది.

ఈ సంగతి చెబితే మా అత్త, "ఆస్పత్రికి పొయ్యే బండి కూడా బీమాలోనేనా! మీ మామ పేరు కూడా రాయించమ్మే దాంట్లో" అంది. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆమె ఆ మాట ఎందుకందో నాకు తెలుసు.

మామది ఆత్మకూరు అవతల పల్లె. వారానికి రెండుసార్లు నెల్లూరు వచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. వైద్య సేవ కార్డు ఉంది కాబట్టి మిషన్‌కి రూపాయి కట్టడు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 పింఛనూ వస్తోంది. అయినా చేతిలో డబ్బు నిలవదు, దారికే పోతుంది. సంగం, బుచ్చి మీదుగా నెల్లూరు యాభై కిలోమీటర్ల పైమాటే. ఒక్కడికే ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ పదిహేను వందలు అడుగుతారు. నెలకు లెక్కేసుకోండి, పింఛను చాలదు. బస్సు ఉంది కదా అంటారు. వెళ్లేటప్పుడు సరే. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన మనిషికి బీపీ పడిపోయి ఉంటుంది, పిక్కలు పట్టేస్తుంటాయి, సూదులు తీసిన చేతిని జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ చేత్తో నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో తోసుకుని సీటు పట్టమంటే ఎట్టా? ఇందులో ఇంకో తమాషా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కదా. తోడొచ్చే అత్తకు డబ్బుల్లేవు, రోగికి టికెట్టు. (అత్తకు ఉచితం వద్దని కాదు నా మాట.)

మా పనిలో ప్రతి ప్రయాణాన్నీ రెండుగా రాస్తాం. ఇంటి నుంచి ఆస్పత్రికి ఏ లెగ్, ఆస్పత్రి నుంచి ఇంటికి బీ లెగ్. ఏ లెగ్‌తో పెద్ద పేచీ ఉండదు. అపాయింట్‌మెంట్ టైము ఉంటుంది, డయాలసిస్ వాళ్లకయితే స్టాండింగ్ ఆర్డరే ఉంటుంది, అంటే వారం వారం అవే రోజులకు, అదే టైముకి ముందే రాసి పెట్టిన బుకింగ్. డ్రైవరు వస్తాడు. ఏడుపంతా బీ లెగ్ దగ్గరే. పని ఎప్పుడవుతుందో తెలియనివాళ్లను విల్ కాల్ కింద పెడతాం. అయ్యాక వాళ్లు ఫోన్ చేస్తే అప్పుడు బండి పంపాలి. అప్పటికి ఆ డ్రైవరు ఇంకెక్కడో ఇంకో రోగి ఇంటి ముందుంటాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ట్రిప్పుకీ మైలుకీ డబ్బు ఇస్తారు గానీ, ఆగినందుకు ఇచ్చేవాళ్లు తక్కువ. క్లినిక్ మూసే వేళకు లాబీలో వీల్‌చెయిర్‌లో ఒక్కతే మిగిలిపోయిన ముసలావిడ ఫోన్ చేసి "నన్ను మర్చిపోలేదు కదమ్మా" అని అడుగుతుంది. స్క్రీన్ మీద బళ్లన్నీ కదులుతూనే ఉంటాయి, ఒక్కటీ ఆమె వైపు పోదు. ఆ కాల్ ఎత్తాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అక్కడ చట్టం లేకనా అంటే, ఉంది. మెడికెయిడ్ 1965లో పుట్టింది. రోగిని వైద్యం దాకా చేర్చే ఏర్పాటు రాష్ట్రాలు చూడాలన్నది ఎన్నో ఏళ్లుగా కేంద్ర నిబంధనల్లో ఉంది. అయోవా, ఇండియానా లాంటి రాష్ట్రాలు కొత్తగా పథకంలోకి వచ్చిన వయోజనులకు ఈ బండి ఇవ్వకుండా మినహాయింపు కూడా తెచ్చుకున్నాయి. 2020 డిసెంబరులో రోగిని చేర్చే ఆ బాధ్యతను ఏకంగా చట్టంలోనే రాశారు. డ్రైవరుకి సరైన లైసెన్సు ఉండాలి, పాత ట్రాఫిక్ కేసులు బయటపెట్టే పద్ధతి ఉండాలి, డ్రగ్స్ కేసులుంటే ఏం చేయాలో రాసి ఉండాలి, ప్రభుత్వ ఆరోగ్య పథకాల నుంచి వెలి వేసినవాళ్లు బళ్లు పెట్టకూడదు. డ్రైవర్లు టైముకి రావాలి, మర్యాదగా ఉండాలి అన్న సంగతి కూడా బళ్లు కుదిర్చే మధ్యవర్తుల, అంటే బ్రోకర్ల, నిబంధనల్లో ఉంది.

అసలు చూడాల్సింది ఈ బ్రోకరునే. రాష్ట్రం నేరుగా బళ్లు పెట్టదు. చాలాచోట్ల మధ్యలో ఒక బ్రోకరు కంపెనీ ఉంటుంది. దాన్ని పోటీ టెండరు మీద ఎంచుకోవాలి. మారుమూల ప్రాంతాల వంటి కొన్ని చోట్ల తప్ప అది సొంత బళ్లు తిప్పుకోకూడదు. అంతవరకు బాగుంది. కానీ చాలా రాష్ట్రాలు బ్రోకరుకి పథకంలో ఉన్నవాళ్ల లెక్కన తలకింత అని నెలనెలా ముందే ఇస్తాయి. ట్రిప్పులు తగ్గితే మిగిలేది బ్రోకరుకే. ఎవరికి బండి, ఎవరికి బస్సు చాలు అని తేల్చేదీ బ్రోకరే. మిగిలిన కూర నీదే అని వడ్డించేవాడికి చెబితే గరిటె చిన్నదవుతుంది. రెండో వైపు అసలు జరగని ట్రిప్పులకు బిల్లులు పెట్టే బళ్ల ఓనర్లూ దొరికారు. అందుకే మా చేత అన్ని సంతకాలు, జీపీఎస్ లెక్కలు, క్లినిక్ హాజరుతో సరిచూసుకోవడాలు.

మళ్లీ మామ దగ్గరికొస్తాను. చుట్టుపక్కల పల్లెల్లో అవే రోజుల్లో డయాలసిస్ ఉన్న ఇంకో ఇద్దరితో కలిపి ఒక ఆటో అబ్బాయి తీసుకొస్తున్నాడు, తలా ఐదు వందలకు. వాళ్లు మిషన్ల మీద ఉన్నంతసేపూ ఆటో నీడన పెట్టుకుని వెనక సీట్లో నిద్రపోతాడు. ఆ నిద్ర ఎంత పెద్ద సేవో బీ లెగ్‌లతో తిప్పలు పడే నాకు తెలుసు. మామ బయటికి రాగానే రెక్క పట్టుకుని ఎక్కిస్తాడు, ఊళ్లో మంచం దాకా తీసుకెళ్లి కూర్చోబెడతాడు. మా దగ్గర దీన్ని డోర్ త్రూ డోర్ అంటారు, అది కావాలంటే ప్రత్యేకంగా రాయించుకోవాలి. లేకపోతే కర్బ్ టు కర్బ్, రోడ్డు అంచు వరకే.

అయితే ఆ అబ్బాయికి జ్వరమొస్తే? వచ్చింది. ఆరోజు ఊళ్లో ఒకాయన తెల్ల బోర్డు కారు బాడుగకు తెచ్చారు. సొంతానికని రిజిస్టర్ చేసిన కారును బాడుగకు తిప్పితే, దారిలో ఏదన్నా అయినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేయొచ్చు. ఇంకోసారి ఆ కారు కూడా దొరకలేదు, డయాలసిస్ తప్పింది. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడక మామ రాత్రంతా కూర్చునే ఉన్నాడు. తెల్లారాక 108 వచ్చింది. ఆటోకి ఐదు వందలు ఇవ్వని ప్రభుత్వమే అంబులెన్సుకీ ఐసీయూకీ పెట్టుకుంది.

దారి ఖర్చు అనే ఆలోచన మన దగ్గర లేకపోలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (మామ వైద్య సేవ కార్డు దానిదే) ప్యాకేజీల్లో మందులు, పరీక్షలు, భోజనంతో పాటు అదీ ఉంది. కానీ అది ఆపరేషన్ అయి ఇంటికెళ్లేవాళ్లను చూసుకుని పెట్టినట్టుంటుంది, బతికినంతకాలం వారం వారం తిరిగేవాళ్లకు ఆనదు. కాన్పయిన తల్లిని, బిడ్డను ఇంటి దగ్గర దించే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆ బీ లెగ్ నడపగలిగినప్పుడు దీన్నెందుకు నడపలేరు?

ఎవరైనా డయాలసిస్ బళ్ల పథకం పెడితే నేను ముందు వెతికేది, ఆగిన గంటలకు డబ్బు రాశారా లేదా అని. తర్వాత, రోగి ఇల్లు చేరాకే ట్రిప్పు పూర్తయినట్టు లెక్క కట్టాలి, ఆస్పత్రి డయాలసిస్ రిజిస్టరుతో బిల్లు సరిపోవాలి. ఫిర్యాదు ఫోను ఎత్తేది టెండరు కంపెనీ మనిషి అయితే ఆ నంబరు ఉన్నా లేనట్టే. ఇక లైసెన్సు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గట్టిగా అడగండి గానీ, పాతిక బళ్లుంటేనే టెండరు అని మాత్రం పెట్టొద్దు. అట్లా పెడితే మొదట పోయేది ఈ ఆటో అబ్బాయే.

అతన్నే అడిగాను, సర్కారు ఇట్లాంటిది పెడితే చేరతావా అని.

"చేరతా అక్కా. బిల్లు ఎన్ని నెలలకిస్తారంట?"

అడగడా మరి! బకాయిలు రాలేదని వైద్య సేవ నెట్‌వర్క్ ఆస్పత్రులే సేవలు ఆపిన వార్తలు మనం చూశాం. అమెరికాలో ఈ రంగంలోని పెద్ద బ్రోకర్లలో ఒకటైన మోడివ్‌కేర్ 2025 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. అట్లాంటప్పుడు రెండు వ్యాన్లున్న చిన్న ఓనరుకి నిద్ర పట్టదు. ఆటోలో డీజిల్ ఏ రోజుది ఆ రోజు పోయించుకోవాల్సిందే. కాబట్టి వారం లోపు చెల్లింపు, ఆలస్యమైతే వడ్డీ అని కూడా రాయాలన్నాను.

"అట్టయితే మా తమ్ముడి ఆటో కూడా రాసుకో" అన్నాడు.